చెదల కుండ

కోపమొస్తే అరిచేవాళ్లు కొందరుంటారు. నేను నోరు కట్టేసుకునే రకం. అడిగినదానికి జవాబివ్వను, అన్నం కంచం ముందు పెట్టి అటు తిరిగిపోతాను. పెళ్లయిన కొత్తలో మా ఆయన దీన్ని చూసి సిగ్గనుకున్నాడు. ఏడాది తిరక్కముందే అసలు సంగతి తెలుసుకున్నాడు. ఈ మొండితనం వల్ల ఒక్కసారి మాత్రం గట్టి దెబ్బే తినబోయి తప్పించుకున్నాను. ఇన్నేళ్లయినా ఎక్కడైనా తల్లికోడి వెంట పిల్లలు గునగునా నడుస్తుంటే నిలబడి లెక్కపెడతాను.

ఎనభైల చివరి మాట ఇది. దేవరకొండ నుంచి బస్సెక్కితే ముప్పావుగంటలో మా అత్తవారి ఊరు. ఎర్ర చెలకలు, వాటిలో ఆముదం, జొన్న, సద్ద. వాన పడితే పంట, పడకపోతే లేదు. ఇంట్లో మేం నలుగురం: మా అత్త, మా ఆయన, నేను, రెండున్నరేళ్ల మా బిడ్డ. మా అత్తకు ఇరవై గొర్రెలుండేవి. పొద్దున వాటిని తోలుకుపోతే మళ్లీ దీపాలవేళకే రావడం. వానలు మొదలుకాకముందే వేపాకు, వాము, ఉప్పు కలిపి దంచి ఒక్కోదాని నోట్లో పిడికెడు కుక్కేది. ఊళ్లో ఎవరి గొర్రె పారుకున్నా ఆమె దగ్గరికే వచ్చేవారు. కోళ్లంటే మాత్రం ఆమెకు లెక్కలేదు. "ఇల్లంత రెట్ట చేసుడు తప్ప అవి చేసేదేముంది" అనేది.

ఆ ఏడు ఎండాకాలంలో మా బిడ్డకు తట్టు పోసింది. తట్టు తగ్గాక జ్వరం, జ్వరం తగ్గాక విరేచనాలు. అన్నీ తగ్గేసరికి పిల్ల నడక మర్చిపోయింది. అంతకుముందు వాకిలంతా ఉరికిన పిల్ల, గోడకు ఆనించి కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉండేది. నిలబెడితే మోకాళ్లు మడతపడేవి. దేవరకొండ దవాఖానలో డాక్టరు కాళ్లు వంచి చూసి, కాళ్లకేం కాలేదు, ఒంట్లో బలం లేదన్నాడు. "ఏడాది పొడుగునా రోజుకొక గుడ్డు పెట్టుండ్రి, లేచి నడుస్తది" అన్నాడు.

గుడ్డు పెట్టమనడం సులువే. ఆ ఎండాకాలంలోనే ఊళ్లో కోళ్లన్నీ తెల్లరెట్ట వేసి, మెడలు వాల్చి, వారం రోజుల్లో తుడిచిపెట్టుకుపోయాయి. మా ఆయన అంగడినాడు దేవరకొండ నుంచి గుడ్లు తెచ్చేవాడు. బస్సులో జనం తొక్కిడికి సగం పగిలేవి. ఒకసారి తువ్వాలులో కట్టుకుని ఒళ్లో పెట్టుకుంటే, నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన బస్సు కుదుపుకి వచ్చి ఆ ఒళ్లోనే కూర్చున్నాడట. వారంలో రెండు రోజులు గుడ్డు, మిగతా రోజులు ఉలవకట్టు. పిల్ల అలాగే గోడకు ఆని కూర్చునేది.

మా ఇంటి వెనక వీధిలో ఒక ముస్లిం పెద్దామె ఉండేది. భర్త డబ్బాలకు, బకెట్లకు మాట్లు వేసేవాడు, చనిపోయాడు. ఊరంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అనే పిలిచేది. ఊళ్లో కోళ్లన్నీ పోయినా ఆమె దగ్గర ఒక్క పెట్ట మిగిలింది. మా పిల్ల సంగతి తెలిసి ఒకరోజు కొంగులో పదమూడు గుడ్లు, చంకలో ఆ పెట్టను పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. పెట్ట పొదుగు మీదుంది, రెక్కలు ఉబ్బించి గుర్రుగుర్రుమంటోంది.

నేను గుడ్ల వైపే చూశాను. ఆమె నా చూపు కనిపెట్టింది.

"ఇవ్వి ఇప్పుడు పిల్లకు పెడ్తె పదమూడు దినాలు బిడ్డా. పెట్ట కిందవెడ్తె ఏండ్లకేండ్లు. నువ్వు సాదు. పెద్దగైనంక నీకు సగం, నాకు సగం."

మా వైపు దీన్ని పాలుకు ఇవ్వడం అంటారు. గొర్రెనైనా, మేకనైనా, కోడినైనా ఒకరు ఇస్తారు, ఇంకొకరు సాకుతారు, పిల్లలు చెరిసగం. ఆ మాట మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. "పిల్ల నోట్ల పెట్టేది కోడి కింద పెడ్తవా" అన్నాడు మా ఆయన. మా అత్త నా వైపు అదోలా చూసింది. నేనే మొండికేసి గంపలో గడ్డి పరిచి గుడ్లు పేర్చాను. పేర్చానే గానీ, ఇరవైయొక్క రోజులూ ఆ గంప పక్కనుంచి పోయినప్పుడల్లా దొంగతనం చేసినదానిలా తలవంచుకునే పోయాను. పిల్ల తినాల్సిన పదమూడు గుడ్లు అక్కడ గడ్డి మీదున్నాయి. పిల్లలు కాకపోతే ఎవరికేం చెప్పాలి?

పదకొండు పిల్లలయ్యాయి. ఆ పొద్దున ఖాలా, నేను గంప ముందు కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం.

పిల్లలు కావడం ఒక ఎత్తు, బతకడం ఒక ఎత్తు. ఖాలా నాకు కోళ్ల సాకుడు అప్పుడు నేర్పింది. ముందు వాటన్నిటినీ గంపలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయి కంట్లో టీకా చుక్కలు వేయించుకొచ్చింది. "రోగానికి అది. బలానికి మనం చూసుకోవాలె" అంది. వారానికోసారి ఎల్లిగడ్డ, పసుపు, లేత వేపాకు మెత్తగా నూరి నూకల్లో కలపాలి. ఎండ ముదిరితే నీళ్ల బదులు పలుచటి మజ్జిగ, మా మాటలో సల్ల, పోయాలి. మునగాకు నీడన ఎండబెట్టి నలిపి తవుడులో వేయాలి. అన్నిటికన్నా ముఖ్యం చెదలు. చెదలు తిన్న పిల్లకు నెలలోనే రెక్క గట్టిపడుతుంది, గద్ద వస్తే పరుగెత్తే సత్తువ వస్తుంది అనేది.

దానికో పద్ధతుంది. మూతి పగిలిన పాత కుండలో ఎండిన పెండ పొడి, చినిగిన గోనెసంచి ముక్కలు, జొన్నసొప్ప తుంటలు కుక్కాలి. నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే నేల చూసి బోర్లించాలి. రెండు రాత్రులు గడిచాక తీస్తే లోపలంతా తెల్లగా కదులుతుంటుంది. దాన్ని తెచ్చి కోడి ముందు దులపాలి. తల్లికోడి కొక్కొక్కుమని పిలవడం, పిల్లలు ఒకదాని మీదొకటి పడి ఏరుకోవడం. మా బిడ్డను ఒళ్లో పెట్టుకుని చూపించేదాన్ని. తట్టు పోసినప్పటి నుంచి నవ్వని పిల్ల అది చూసే మొదటిసారి నవ్వింది.

ఖాలా కుండను చెలక గట్టు మీద పెట్టమంది. చెలక ఊరవతల ఉంది. పిల్లనెత్తుకుని అంత దూరం పోలేను, ఒక్కదాన్నే వదిలీ పోలేను. మా ఇంటి వెనక గోడకు ఆముదపు కట్టెలు పేర్చి ఉండేవి. వాటి కింద చెదలుండనే ఉన్నాయి. అక్కడే బోర్లించాను. కుండ నిండా చెదలు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నీళ్లు చల్లి మేతపెట్టి పిలిస్తే చెదలు కుండ దగ్గరే ఆగుతాయా? రెండు వారాలకల్లా గోడెక్కాయి. ఒకరోజు మా ఆయన దర్వాజకు వీపు ఆనించి కూర్చుంటే చెక్క లోపలికి కుంగింది. వేలు పెట్టి చూస్తే మట్టి రాలింది. "కోళ్లను సాదుతున్నవా, ఇల్లు కూలగొడ్తున్నవా?" అన్నాడు. "కుండ చెలకకు మార్చరాదు" అంది మా అత్త ఆయన పక్కనుంచి. మార్చమనడమే గానీ పిల్లను నేను చూసుకుంటానని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు. నాకు ఒళ్లు మండింది. నోరు మూసుకున్నాను. కుండ మార్చలేదు.

వారం రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు. అలాంటప్పుడు మా ఇంట్లో మాటలన్నీ పిల్ల మీదుగా నడిచేవి. "మీ అమ్మను నీళ్లు తెమ్మను" అని ఆయన పిల్లతో అంటే, నేను నీళ్లు తెచ్చి పిల్ల ముందు పెట్టేదాన్ని. పిల్లకు అప్పటికి నాలుగైదు మాటలే వచ్చు. అయినా మా కాపురమంతా దాని నెత్తినే నడిచింది.

ఎనిమిదో రోజు పొద్దున నేను పిల్లకు జావ తాగిస్తుంటే మా అత్త చెదల కుండ పట్టుకొచ్చింది. కోడి ముందు దులిపింది. పురుగుల్ని చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి తన చేత్తో కుండ తట్టి మరీ దులిపింది. పదకొండు పిల్లలూ ఎగబడి తిన్నాయి. ఆమె ఏమీ మాట్లాడకుండా కర్ర తీసుకుని గొర్రెల వెంట పోయింది. దిగొచ్చిందిలే అనుకున్నాను. ఇంకో రెండు రోజులు బెట్టు చేస్తే ఆయన కూడా దిగొస్తాడని లెక్కేసుకున్నాను. ఆయన అప్పటికే ఆముదాల బస్తాలు వేసుకుని నకిరేకల్ పోయి ఉన్నాడు.

పొయ్యి దగ్గర తెచ్చిపెట్టుకున్న కట్టెలు అయిపోతే, రెండు రోజుల తర్వాత ఇంటి వెనక్కి పోయాను. గోడ పొడుగునా, కట్టెల చుట్టూ, తెల్లటి పొడి. ముక్కు బద్దలయ్యే వాసన. దుకాణాల్లో అమ్మే చెదల మందు. చేతి మందాన చల్లి ఉంది. కుండ ఉండే చోట మాత్రం గుండ్రంగా ఎర్రమట్టి కనిపిస్తోంది, పొడి లేకుండా. కుండ చుట్టూ మందు చల్లారు. ఆ కుండే పొద్దున తీసి నా కోడిపిల్లల ముందు దులిపారు.

వాకిట్లోకి వచ్చి చూస్తే పిల్లలు తల్లి వెంట తిరుగుతున్నాయి. గొంతు కింద సంచులు నిండుగా ఉబ్బి ఉన్నాయి. మా బిడ్డను చంకనేసుకుని ఖాలా ఇంటికి ఉరికాను.

ఆమె వచ్చి గోడ వెనక చూసింది, మట్టి గిల్లి వాసన చూసింది. తర్వాత ఒక్కో పిల్లనూ పట్టుకుని కన్ను చూసింది, రెట్ట చూసింది.

"సల్ల తాపుదాం. బొగ్గు నూరి అండ్ల కలుపుదాం."

"బతుకుతయా ఖాలా?"

"మందు తిన్న పురుగును తిన్నంక సల్ల ఎంత పని చేస్తదో నాకెర్కలేదు బిడ్డా. ఉట్టిగ కూసోలేం గదా."

దూది వత్తితో చుక్కచుక్కగా పదకొండింటి నోళ్లలో తాపాం. ఖాలా పట్టుకుంటే నేను పోశాను. నేను పట్టుకుంటే పిల్ల నలిగిపోతుందని భయమేసింది. ఒక్కోదాన్నీ వదులుతూ, పదమూడు గుడ్లు, పదమూడు గుడ్లు అనుకున్నాను. మా బిడ్డ గోడకు ఆని కూర్చుని చప్పట్లు కొడుతోంది. దానికి ఇదో ఆట.

మధ్యాహ్నానికి ఒక పిల్ల ఎండలో పక్కకు ఒరిగి, రెక్క చాపి, కాలు చాపి పడిపోయింది. నేను గట్టిగా ఏడ్చాను. ఖాలా వేలితో పొడిచింది. అది చివుక్కున లేచి, మమ్మల్ని తిట్టినట్టు కూసి, ఇంకో చోటికి పోయి మళ్లీ అట్లాగే పడుకుంది. ఎండ కాగుతోంది, అంతే. ఆ తర్వాత మూడు పిల్లలు అలాగే ఎండ కాగాయి. మూడుసార్లూ నాకు ప్రాణం పోయి వచ్చింది.

మూడు గంటల బస్సుకి మా ఆయన దిగాడు. వారం రోజుల మౌనం అప్పుడు పగిలింది. ఏం తిట్టానో నాకే గుర్తులేదు. వీధిలోవాళ్లు తొంగిచూశారంటే బాగానే తిట్టుంటాను. ఆయన సంచి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"చెప్పిన గదా" అన్నాడు చివరికి.

"ఎవలకు చెప్పినవ్?"

"పిల్లకు. మొన్న పొద్దుగాల మందు చల్లి, మీ అమ్మకు చెప్పు, గోడెనక్కి పోవద్దని చెప్పు అన్న. నువ్వు బోరింగు కాడున్నవ్."

పిల్ల ఆయన వైపు చూసి నవ్వింది. ఖాలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. సంచి కింద పెట్టి, గంప పక్కన గొంతుక్కూర్చుని, ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని దాని గొంతు సంచి మెల్లగా నిమిరాడు. గుడ్లు కోడి కింద పెట్టినప్పుడు వద్దన్న మనిషే. "ఏం గాదు" అన్నాడు. నాకు చెప్పాడో, తనకే చెప్పుకున్నాడో. కోపం ఎటు పోయిందో తెలియదు. ఆయన పక్కనే కూర్చున్నాను.

పొద్దు వాలేదాకా ముగ్గురం అక్కడే. పిల్లలు నూకలు తిన్నాయి, నీళ్లు తాగాయి, పోట్లాడుకున్నాయి. ఇంత బాగుండడం కూడా నాకు అనుమానంగానే ఉంది.

గొర్రెల గంటలు వినపడ్డాయి. మా అత్త గొర్రెల్ని దొడ్లోకి తోలి, కర్ర గోడకు పెట్టి, కోళ్ల గంప చుట్టూ కూర్చున్న మా ముగ్గుర్నీ చూసింది.

"ఏమైంది, ఎవలన్న సచ్చిండ్రా?"

"అత్తమ్మా, పొద్దుగాల ఆ కుండ ఏడికెల్లి తెచ్చినవ్?"

"చెలకకెల్లి."

"గోడెనకది కాదా?"

"గోడెనకది మొన్ననే తీసిన. వీడు మందు చల్లి పోంగనె చూసిన. అండ్లదంత పొయ్యిల వేసి కాలవెట్టిన. కుండ కడిగి, కొత్త పెండ నింపి గట్టు మీద బోర్లిచ్చిన. గొర్లను తోలుకపోయేది ఆ బాటనే గదా." ఇంత చెప్పి, మా చేతుల్లోని సల్ల గిన్నె వైపు చూసింది. "గా పిల్లలకు సల్లెందుకు పోస్తున్నరు, జలుబు చేస్తది."

నేను లేచి నిలబడ్డాను. నవ్వొచ్చింది, నవ్వుతో పాటే ఏడుపొచ్చింది. పొద్దుటినుంచి గుండె మీదున్న బండ దిగింది. ఖాలా చేతులెత్తి అల్లాకు దండం పెట్టుకుంది. మా ఆయన అరచేతిలో పిల్లను ఇంకా పట్టుకునే ఉన్నాడు, వదలడం మర్చిపోయాడు.

"చెప్పొద్దా అత్తమ్మా. దినమంత సచ్చి బతికిన."

ఆమె కాళ్లు కడుక్కోవడానికి చెంబు తీసుకుంటూ అంది.

"ఎవలకు చెప్పాలె పిల్లా? నువ్వు నాతోని మాట్లాడుతున్నవా?"

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. ఆ వారమంతా ఆమె గొర్రెల వెంట పోతూ వస్తూ ఎవరితోనైనా ఒక్క మాట మాట్లాడి ఉంటుందా అని నాకు అప్పటిదాకా తట్టలేదు. సిగ్గేసింది. చెంబు ఆమె చేతిలోంచి తీసుకుని నేనే నీళ్లు పోశాను. "మీ ఇంట్ల అందరు మూగోళ్లే, మాటలొచ్చేది గా చిన్నపిల్లకొక్కదానికే" అని ఖాలా నవ్వుకుంటూ పోయింది.

ఆ పదకొండింటిలో తర్వాత ఒకదాన్ని గద్ద తన్నుకుపోయింది. మిగిలిన పది బతికాయి. పంపకం రోజు ఇచ్చినవాళ్లే ముందు ఏరుకోవాలి, అది రివాజు. ఖాలా ఏరుకుంది. నాలుగు పుంజులూ తీసుకుంది, పెట్టల్లో బక్కదాన్ని ఒక్కదాన్ని తీసుకుంది. "నాకు పుంజులు కావాలె, పండుగొస్తాంది" అంది. ఏ పండుగ అని అడిగితే, ఏదో ఒకటి రాకపోతదా అంది. మాకు ఐదూ పెట్టలే మిగిలాయి. ఆమె ఎందుకలా ఏరిందో నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

చలికాలంలో మొదటి పెట్ట గుడ్డుకొచ్చింది. గుడ్డు పెంకులు కూడా పారేయకుండా కాల్చి పొడిచేసి మళ్లీ వాటికే తవుడులో పెట్టేదాన్ని. మా బిడ్డ రోజుకో గుడ్డు తింది. గుడ్డు వల్లనో, ఉలవకట్టు వల్లనో, రోజులు గడిచాయి కనకనో నేను చెప్పలేను. ముందు గంప పట్టుకుని లేచింది, తర్వాత గోడ పట్టుకుని నడిచింది. అప్పుడు కూడా వాకిలి దాటితే కూలబడేది.

మరుసటేడు పెట్టల్లో ఒకటి పొదుగుకు కూర్చుంది. పిల్లలయ్యాయి. మళ్లీ చెదల కుండ చెలక గట్టుకు చేరింది. ఒకరోజు పొద్దున నేను లోపల రొట్టెలు చేస్తున్నాను. మా అత్త వాకిట్లోంచి పిలిచింది. మామూలుగా పోతూ పోతూ చెప్పిపోయే మనిషి, నేను చేతిపిండి దులుపుకుని బయటికి వచ్చేదాకా ఆగింది.

"పిల్లా, చెలక కాడి కుండకు పోతున్న. చెప్పి పోతున్న, ఇనవడ్డదా? నీ బిడ్డ నాతోని వస్తాంది." పక్కనే ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని పిల్ల నిలబడి ఉంది. "ఎత్తుకుంట లేను. నడిచే వస్తాంది."